నెపోలియన్‌తో చదరంగం ఆడినావిడ

కుక్కర్ నాలుగు కూతలు వేసేలోపు మొదటి నుంచి చివరిదాకా వేసి చూడగలిగినంత చిన్న ఆట ఇది. మొత్తం 14 ఎత్తులు. తెల్లపావులు నెపోలియన్ బోనపార్టువి, నల్లపావులు మదామ్ ద రెమ్యుసా అనే 24 ఏళ్ళ ఇల్లాలివి. ఏడాది 1804. పాత ఆటలు పోగుచేసిన పుస్తకాల్లో, చదరంగం ఆప్‌లలో ఈ ఆట ఎక్కడో ఒకచోట తప్పకుండా తగులుతుంది. ఇద్దరూ చదరంగంలో పేరు మోసినవాళ్ళు కారు. భోజనాలయ్యాక కాసేపు బల్ల ముందు కూర్చునే రకం, అంతే.

మా అబ్బాయి చెస్ క్లాసులకి వెళ్ళే రోజుల్లో ఓసారి ఈ ఆట తెచ్చి "అమ్మా, నెపోలియన్ ఎంత బాగా ఆడాడో చూడు" అని వేసి చూపించాడు. వాడు చూపించిందీ నిజమే, ఆట ముచ్చటగా ఉంది. కానీ నా ధ్యాసంతా ఓడిపోయినావిడ మీదకి పోయింది. ఎవరీవిడ? అంతటివాడి ఎదురుగా కూర్చుని ఎందుకాడింది? ఆడుతూ ఏమనుకుంది? చరిత్రలో గెలిచినవాడి కథ ఎప్పుడూ దొరుకుతుంది, ఓడినావిడ కథ దొరకదులే అనుకున్నాను. దొరికింది. దొరకడమేమిటి, ఆవిడే స్వయంగా రాసిపెట్టింది. మూడు సంపుటాల జ్ఞాపకాలు. ఇంగ్లీషు అనువాదం ఉచితంగానే చదువుకోవచ్చు. అందులో ఆవిడ నెపోలియన్‌తో చదరంగం ఆడిన ఒక రాత్రి గురించి రాసింది. 1804 మార్చి 20, మంగళవారం.

మధ్యాహ్నాలు ఒక పక్క చదరంగం బల్ల, ఇంకో పక్క ఆవిడ పుస్తకం పెట్టుకుని ఈ రెండింటినీ పోల్చి చూస్తూ గడిపాను. "ఒక్కదానివే రెండు వైపులా ఆడుకుంటున్నావేమే?" అని మా అత్తయ్యగారు నవ్వారు కూడా. ఆ పోల్చడంలో నాకు కనిపించిందే ఇక్కడ రాస్తున్నాను.

చదరంగం రానివాళ్ళు కంగారు పడకండి. కథకి కావలసినంత మాత్రమే ఆట చెబుతాను. ముందు పావుల పేర్ల గురించి ఒక్క మాట. రాజు పక్కన నిలబడే పావుని మనం మంత్రి అంటాం. యూరప్ వాళ్ళు దాన్ని ఆడదాన్ని చేశారు. ఇంగ్లీషు వాళ్ళకి క్వీన్ అయితే, ఫ్రెంచి వాళ్ళకి ‘దామ్’, అంటే అమ్మగారు. మనం శకటు అనేదాన్ని (మా పుట్టింట్లో ఒంటె అనేవాళ్ళం) వాళ్ళు ‘ఫూ’, పిచ్చివాడు అంటారు! నేను ఇక్కడ రాణి, శకటు, గుర్రం, బంటు అనే రాస్తాను. తమాషా ఏమిటంటే, నెపోలియన్ చక్రవర్తి అయ్యాక రెమ్యుసా గారి ఉద్యోగం పేరు కూడా ‘దామ్ ద్యు పాలే’. రాజమందిరపు అమ్మగారు అని.

ఆవిడ అసలు పేరు క్లేర్ ఎలిజబెత్. 1780లో పుట్టింది. ఫ్రెంచి విప్లవంలో, 1794లో, తండ్రిని గిలటిన్ ఎక్కించారు. అప్పటికి ఆవిడకి 14 ఏళ్ళు. కుటుంబం ఆస్తులు పోయాయి. 16 ఏళ్ళకి, 1796లో, ఒగుస్తాన్ ద రెమ్యుసా అనే ఆయనతో పెళ్ళి. ఆయన వయసులో ఆవిడకంటే బాగా పెద్ద, పద్దెనిమిదేళ్ళ తేడా. ఆవిడ తల్లికి నెపోలియన్ భార్య జోసెఫీన్‌తో పూర్వ పరిచయం ఉండేది. ఆ పరిచయం మీద 1802లో భార్యాభర్తలిద్దరికీ కొలువు దొరికింది. ఆయన రాజమందిరం పెత్తనం చూసే అధికారి, ఈవిడ జోసెఫీన్‌కి తోడుగా ఉండే పెద్దింటి స్త్రీలలో ఒకరు. అప్పటికి నెపోలియన్ ఇంకా చక్రవర్తి కాదు, ‘మొదటి కాన్సల్’. పేరు ఏదైనా దేశం ఆయన చేతిలోనే ఉంది. రెమ్యుసా వారి ఇంటికి వచ్చే రెండు జీతాలూ ఆ ఒక్క చేతి నుంచే వస్తున్నాయి. ఇంట్లో ఏడేళ్ళ కొడుకు షార్ల్ ఉన్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆవిడ ఆ రాత్రి నోరెత్తలేదేం అని అడగాలనిపించినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

ఆ ఏడాది మొదట్లోనే నెపోలియన్ని చంపడానికి పన్నిన కుట్ర ఒకటి బయటపడింది. కాదూదాల్, పిషెగ్రూ అనేవాళ్ళు దొరికారు. పాత రాజవంశం బూర్బన్‌లలో ఎవరో ఒక రాకుమారుడు వీళ్ళ వెనకాల ఉన్నాడని పుకారు. అనుమానం ఆంగ్యాన్ డ్యూక్ మీదకి పోయింది. వయసు 31. రైన్ నది అవతల, ఫ్రాన్సు పొలిమేర దాటి, బాడెన్ రాజ్యంలో ఎట్టెన్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో ఉంటున్నాడు. మార్చి 15 తెల్లవారుజామున ఫ్రెంచి సైన్యం నది దాటి, పరాయి దేశంలోకి జొరబడి అతన్ని పట్టుకొచ్చింది. మార్చి 20 సాయంత్రానికి పారిస్ పక్కనున్న వాన్సెన్ కోటకి చేర్చారు.

అదే సమయానికి నెపోలియన్ పారిస్‌కి ఇంకో పక్కన, మాల్మెజాన్‌లో తన ఇంట్లో ఉన్నాడు. జోసెఫీన్ 1799లో కొన్న ఇల్లు అది. తర్వాత అక్కడ ఆవిడ పెంచిన గులాబీ తోటకి చాలా పేరొచ్చింది. పారిస్ నుంచి ఆ ఇంటికి బండిలో వెళ్తున్నప్పుడే జోసెఫీన్ మన రెమ్యుసా గారికి రహస్యం చెప్పేసింది, డ్యూక్‌ని పట్టుకున్నారని, శిక్ష వేయబోతున్నారని. వినగానే ఈవిడ నిలువునా వణికిపోయింది. తండ్రి పోయిన తీరు గుర్తు రాకుండా ఉంటుందా? ఇంకోసారి ఆయన్ని బతిమాలమని జోసెఫీన్‌ని ప్రాధేయపడింది. జోసెఫీన్ బతిమాలింది కూడా. ఇలాంటి విషయాల్లో ఆడవాళ్ళు తలదూర్చకూడదని ఆయన కొట్టిపారేశాడట.

ఆ సాయంత్రం గురించి ఆవిడ రాసిన వివరాలు చదువుతుంటే, ఇది మగవాళ్ళు రాసే చరిత్రలో దొరికేది కాదు కదా అనిపించింది నాకు. భోజనాల బల్ల మీద నెపోలియన్ తమ్ముడి కొడుకుని కూర్చోబెట్టారు. ఏడాదిన్నర పిల్లాడు. వాడు గిన్నెల్లో చేతులు పెడుతుంటే, అన్నీ ఒలకబోస్తుంటే పెదనాన్న నవ్వుతూ చూస్తున్నాడు. తర్వాత నేల మీద కూర్చుని వాడితో ఆడాడు. మధ్యలో ఈవిడ మొహం పాలిపోయి ఉండటం చూసి, బుగ్గలకి రంగు వేసుకోలేదేమని అడిగాడు. మరిచిపోయానంది. ఆడవాళ్ళకి బాగా నప్పేవి రెండే, బుగ్గల రంగూ కన్నీళ్ళూ అని హాస్యమాడాడట. ఈ మాట ఆవిడకి ఎన్నేళ్ళయినా గుర్తుండిపోయిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. మన మొహం వాడిపోయి ఉంటే కారణం అడగకుండా "పౌడర్ రాసుకోలేదా?" అని అడిగే మనుషులు మనందరికీ తెలుసు.

ఆ తర్వాత ఆవిడని చదరంగానికి పిలిచాడు.

ఆయన ఆట బాగా ఆడడు అని ఆవిడ మొహమాటం లేకుండా రాసింది. పావులు నడవాల్సిన పద్ధతికి కట్టుబడి ఉండటం ఆయనకి నచ్చదట. ఇష్టమొచ్చినట్టు జరిపేవాడు. ఆవిడ ఏమీ అనకుండా జరపనిచ్చింది. గదిలో అందరూ మౌనంగా ఉన్నారు. బి.ఏ.లో మేము సభాపర్వం చదువుకున్నాం. జూదం నడుస్తుంటే ఏం జరగబోతోందో తెలిసీ తలలు దించుకుని కూర్చున్న పెద్దలు నాకు ఇక్కడ గుర్తొచ్చారు. ఇక్కడ పందెం బల్ల మీద కనబడదు, అంతే తేడా. అది పారిస్‌కి అవతలి పక్క కోటలో ఉంది.

ఆడుతూ ఆడుతూ నెపోలియన్ పళ్ళ సందున ఏవో పద్యాలు గొణుగుతున్నాడు. ఆవిడ చెవి పెట్టి వింది. ఒకటి కార్నెయ్ రాసిన ‘సిన్నా’ నాటకంలోది. తనని చంపబోయిన కుట్రదారుని అగస్టస్ చక్రవర్తి క్షమించే ఘట్టం. ఇంకోటి వోల్టేర్ ‘అల్జీర్’ లోది, చావుబతుకుల్లో ఉన్నవాడు తనని పొడిచినవాణ్ణి క్షమించే చోటు. రెండూ క్షమాపద్యాలే! ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వి మళ్ళీ ఆటలో పడ్డాడు. ఆ క్షణంలో ఆవిడకి ఆశ పుట్టింది. ఈయన అందరినీ బెదరగొట్టి, చివరి నిమిషంలో క్షమించి పెద్ద పేరు కొట్టేయాలనుకుంటున్నాడేమో అని. నిండు ప్రాణం ఒకటి దక్కుతుందేమో అన్న ఆ ఆశతో బల్ల ముందు కూర్చుంది.

ఇంతలో బండి చప్పుడు. జనరల్ యులాన్ వచ్చాడని చెప్పారు. నెపోలియన్ బల్లని గట్టిగా తోసేసి లేచి, అతన్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. యులాన్ ఎవరనుకున్నారు? ఆ రాత్రి వాన్సెన్‌లో డ్యూక్‌ని విచారించిన సైనిక న్యాయస్థానానికి అధ్యక్షుడు అతనే. విచారణకి వకీలు లేడు. నెపోలియన్‌తో ఒక్కసారి మాట్లాడనివ్వమని డ్యూక్ అడిగాడు, ఒప్పుకోలేదు. తెల్లారకముందే, మార్చి 21న, కోట కందకంలో నిలబెట్టి కాల్చేశారు. గొయ్యి ముందే తవ్వి ఉంచారు. షార్లొట్ ద రోహాన్ అనే ఆవిడకి ఇమ్మని అతను తన ఉంగరం, జుట్టు పాయ ఇచ్చాడు. పొద్దున్నే మాల్మెజాన్ హాల్లోకి వచ్చిన రెమ్యుసా గారికి సావరి అనే అధికారి పాలిపోయిన మొహంతో కనిపించాడు. వాన్సెన్‌లో సైనికులకి నాయకత్వం వహించింది అతనే. అయిపోయిందా అని జోసెఫీన్ అడిగింది. అయిపోయింది.

రెండు నెలలు తిరక్కుండా, మే 18న, నెపోలియన్‌ని చక్రవర్తిగా ప్రకటించారు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. కాగితం మీదున్న ఆట ఈ రాత్రిదేనని ఎవరూ ప్రమాణం చేయలేదు. 1804, మాల్మెజాన్ అని మాత్రమే వేస్తారు. కానీ చదివేవాళ్ళ మనసులో రెండూ కలిసిపోతాయి. నా మనసులోనూ కలిసిపోయాయి. అందుకే ఒక్కొక్క ఎత్తూ వేస్తూ, ఆవిడ చెప్పిన గదిలో ఈ ఆట ఇముడుతుందా అని చూశాను.

మొదటి ఆరు ఎత్తుల్లో తెలుపు ఆట సాదాసీదాగా ఉంటుంది. రెండు గుర్రాలూ ముందుకొస్తాయి. నాలుగో ఎత్తులో అంచున ఉన్న హెచ్ వరుస బంటుని ఒక గడి జరుపుతాడు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఏం చేయాలో తోచనప్పుడు జరిపే బంటు అది. ఆ ఎత్తు వల్ల ఒరిగింది ఏమీ లేదు, పైగా ఒక బంటు పోతుంది (మరుసటి ఎత్తులోనే బదులు తీసుకుంటాడనుకోండి). ఆరో ఎత్తులో ఒకసారి కదిపిన గుర్రాన్నే మళ్ళీ కదుపుతాడు. నల్లది కూడా ఏమంత గొప్పగా లేదు. మూడో ఎత్తులోనే రాజు పక్క బంటుని ముందుకు తోసి గోడకి కన్నం పెట్టుకుంది. సరే, ఇద్దరూ పొద్దుపోక ఆడేవాళ్ళే కదా, ఇంతవరకూ నమ్మకంగానే ఉంది.

ఏడు, ఎనిమిది ఎత్తుల్లో తెల్ల రాణి బయటికి వచ్చి, వెనక్కి జరిగి, ఒక్క ఎత్తులో ఆట కట్టు చేస్తానని బెదిరిస్తుంది. దాన్ని ఆపడానికి నల్లది గుర్రాన్ని హెచ్6 గడికి, పక్కకి, నడుపుతుంది. ఇక్కడే చిక్కంతా. అదే రాణిని ఒక్క గడి ముందుకి, ఇ7 కి, జరిపి ఉంటే బెదిరింపూ ఆగేది, తర్వాత వచ్చే గుర్రం చెక్‌కి ఇంట్లోనే ఉన్న గుర్రం బదులు చెప్పి ఉండేది. తొమ్మిదో ఎత్తు నుంచి చూడండి, ఆట రంగే మారిపోతుంది. తెల్ల గుర్రం చెక్. రాజు ఒక అడుగు బయటికి. మళ్ళీ చెక్. ఇంకో అడుగు. రెండో గుర్రంతో చెక్, మొదటి గుర్రాన్ని తినమని ఊరికే వదిలేశాడు. రాజు తిన్నాడు. శకటుని తెచ్చి రాజు మూతి ముందు పెట్టాడు, అదీ ఊరికే. దాన్నీ తిన్నాడు. ఇల్లు వదిలిన నల్ల రాజు ఇ7, డి6, డి5, సి4 అని బల్ల మధ్యకి, శత్రువు ముంగిట్లోకి వచ్చేశాడు. రాణి ఒక చెక్ చెప్పి డి4 కి తోలింది, 14వ ఎత్తులో రాణి డి3, ఆట కట్టు.

బల్ల మీద మిగిలినవి లెక్కపెట్టాను. గెలిచిన తెలుపుకి పోయినవి గుర్రం, శకటు, బంటు. ఓడిపోయిన నలుపుకి పోయినవి రెండంటే రెండు బంట్లు. చివర్లో రాజు పారిపోవడానికి ఇ5 గడి ఉంది. అక్కడ ఎవరున్నారంటే సొంత బంటు! అంతకుముందు సి6 లోకి తప్పుకుందామంటే అక్కడ సొంత గుర్రం. అన్నిటికంటే నా కన్ను నిలిచిపోయింది నల్ల రాణి మీద. తెల్ల రాణి నాలుగుసార్లు కదిలింది. నల్ల రాణి మొదటి నుంచి చివరిదాకా డి8 లో, తన పీట మీద, కదలకుండా కూర్చుని ఉంది. ‘దామ్’ గారు ఒక్క ఎత్తు కూడా వేయలేదు.

ఎంత అందమైన పోలిక అనిపిస్తుంది కదా? నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత అదే నన్ను అనుమానంలో పడేసింది. మొదటి ఆరు ఎత్తులు ఒక చేతివి, చివరి ఆరు ఎత్తులు ఇంకో చేతివి అన్నట్టుంది ఈ ఆట. అంచు బంటుని తోచక జరిపినవాడు, అయిదు ఎత్తులు దాటగానే గుర్రాన్నీ శకటునీ దానం చేసి రాజుని బల్ల మధ్యకి లాక్కొచ్చి కట్టేశాడంటే ఎలా? నల్లది కూడా సరిగ్గా కథకి కావలసిన చోట కావలసిన ఎత్తే వేస్తుంది. పదకొండో ఎత్తులో గుర్రాన్ని తినకుండా రాజు ఇ6 కి తప్పుకుంటే వెంటనే కట్టు పడదు. కానీ తప్పుకోదు, తింటుంది. మా అబ్బాయిని కూర్చోబెట్టి ఇదంతా చూపిస్తే, "సినిమాలో విలన్లు ఒక్కొక్కడే వచ్చి కొట్టించుకున్నట్టుంది అమ్మా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పైగా, ఎవరు రాశారు ఈ ఎత్తులు? ఆ రోజుల్లో పేరున్న ఆటగాళ్ళ ఆటల్ని మోజుపడి రాసుకునేవాళ్ళు అరుదుగా ఉండేవాళ్ళు. ఇంట్లో భోజనాలయ్యాక ఆడిన ఆటని ఎవరు రాస్తారు? ప్రపంచంలో మొదటి చదరంగం పత్రిక ‘ల పాలమెద్’ పారిస్‌లోనే మొదలైంది, కానీ అది 1836లో. ఆ గదిలో ఉన్నవాళ్ళలో కలం పట్టి ఆ రాత్రిని రాసింది మనకి తెలిసినంతలో ఆవిడే, ఆవిడ చెప్పిన ఆటకి ముగింపే లేదు. బల్లని తోసేసి లేచిపోయిన ఆటకి కట్టు ఎక్కడిది? చదరంగం చరిత్ర పరిశోధించినవాళ్ళు కూడా నెపోలియన్ పేరు మీద తిరిగే ఆటల్ని నమ్మరు. ఇలాంటివి మూడు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి ఇది. ఇంకోటి సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా ఉన్నప్పుడు జనరల్ బెర్త్రాన్‌తో ఆడిందట. మూడోది 1809లో వియన్నా దగ్గర షోన్‌బ్రున్ భవనంలో ‘తురుష్కుడు’ అనే మరబొమ్మతో. ఆ బొమ్మ పెట్టెలో నిజానికి మనిషి దాక్కుని ఆడేవాడు. ఆ ఆట గురించి చెప్పుకునే కథ ఒకటుంది. నెపోలియన్ కావాలని తప్పుడు ఎత్తులు వేశాడని, బొమ్మ ఆ పావుని వెనక్కి పెట్టిందని, మళ్ళీ మళ్ళీ అలాగే చేస్తే చేత్తో పావులన్నీ తుడిచిపారేసిందని. కథ నిజమో కాదో గానీ, రెమ్యుసా గారు చెప్పిన మనిషి పోలిక అందులో కనిపిస్తుంది. బొమ్మకి ఆ స్వతంత్రం ఉంది, ఎదురుగా ఉన్నది ఎవరైనా పావులు తుడిచేయగలదు. జీతం మీద బతికే ఇల్లాలికి ఎక్కడిది?

అలాగని ఆవిడ రాసిందంతా వేదవాక్కు అనడం లేదు. ఆ పుస్తకానికీ ఒక కథ ఉంది. కొలువులో ఉన్న రోజుల్లో చూసినవీ విన్నవీ ఆవిడ ఒక పుస్తకంలో రాసుకునేది. 1815లో నెపోలియన్ ఎల్బా నుంచి తప్పించుకుని మళ్ళీ పారిస్ వచ్చినప్పుడు, ఇల్లు సోదా చేస్తారన్న భయంతో ఆ రాతలన్నీ తగలబెట్టేసింది. మూడేళ్ళ తర్వాత, 1818లో, మదామ్ ద స్తాల్ ఫ్రెంచి విప్లవం గురించి రాసిన పుస్తకం అచ్చయింది. అది చదివాక ఊరుకోలేకపోయింది. మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. అంటే మనం చదివేది 14 ఏళ్ళ తర్వాత జ్ఞాపకం మీద రాసినది. అప్పటికి బూర్బన్‌లు మళ్ళీ గద్దె మీద ఉన్నారు, ఆవిడ భర్త వాళ్ళ కింద జిల్లా అధికారి. ముందు తూలూజ్‌లో, తర్వాత లిల్‌లో. నెపోలియన్‌ని నల్లగా చూపిస్తే పోయేదేమీ లేని రోజులు. చరిత్రకారులు ఆవిడని జాగ్రత్తగా చదవమనేది అందుకే. ఒప్పుకుంటాను. కానీ నెపోలియన్ని నల్లగా చూపించాలనుకుంటే బుగ్గల రంగు మాట, పిల్లాడు గిన్నెలు ఒలకబోయడం, క్షమాపద్యాలు విని తను ఆశపడటం రాయనక్కర్లేదు. ఆయనేదో క్షమిస్తాడని నమ్మాను అని రాసుకోవడంలో ఆవిడకి గొప్పేముంది? మరకలు తుడవకుండా పెట్టిన చోటే నాకు నమ్మకం కుదిరింది.

ఆ రాత్రి తర్వాత కూడా ఆవిడ కొలువు మానలేదు. నెపోలియన్ 1809లో జోసెఫీన్‌కి విడాకులిచ్చాక కొత్త మహారాణి పక్కకి వెళ్ళకుండా జోసెఫీన్‌తోనే ఉండిపోయింది. అప్పటిదాకా మాత్రం అదే ఇల్లు, అవే భోజనాలు. ఎదురు తిరిగి ఉండాల్సింది అని ఇవాళ సోఫాలో కూర్చుని అనడం తేలిక. నాకు మాత్రం, ఆయన పావుల్ని అడ్డదిడ్డంగా జరుపుతున్నా ఊరుకుని కూర్చున్న ఆవిడే, ఏ పావు ఎలా జరిగిందో కాకుండా ఏ మనిషి ఎలా ఉన్నాడో గుర్తుపెట్టుకుందని అనిపిస్తుంది. కాగితం మీది ఆటలో ఆవిడ పేరు ఒక ఓటమికి గుర్తుగా మిగిలింది. ఆవిడ పుస్తకంలో గెలుపోటముల ఊసే లేదు.

1821 డిసెంబరులో ఆవిడ పోయింది, జ్ఞాపకాలు పూర్తి కాకుండానే. 41 ఏళ్ళు. రాతప్రతి కొడుకు షార్ల్ దగ్గర ఉండిపోయింది. చివరికి మనవడు పోల్ దాన్ని 1879, 1880లలో అచ్చు వేయించాడు. అప్పటికి ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ బతికి లేరు. ఆవిడ రాసిన ఇంకో పుస్తకం మాత్రం ముందే, 1824లో, కొడుకు చొరవతో వచ్చింది. స్త్రీల చదువు గురించి ఒక వ్యాసం అది. ఆడవాళ్ళు ఇలాంటి విషయాల్లో తలదూర్చకూడదన్న ఇంట్లో అన్నేళ్ళు ఉన్నావిడ రాసిన పుస్తకం. దాన్ని ఇంకా చదవలేదు, దొరకబుచ్చుకోవాలి.

పిల్లలతో కలిసి ఈ ఆట వేసి చూడాలనుకునేవాళ్ళకి ఎత్తులు ఇస్తున్నాను. ముందు తెలుపు, గీత తర్వాత నలుపు. కనిపెట్టిన ఆటే అనుకున్నా వేసి చూడటానికి బాగుంటుంది. డి8 లో రాణిని మాత్రం ఓ కంట కనిపెట్టండి.

1. గుర్రం సి3 – బంటు ఇ5. 2. గుర్రం ఎఫ్3 – బంటు డి6. 3. బంటు ఇ4 – బంటు ఎఫ్5. 4. బంటు హెచ్3 – ఎఫ్ బంటు ఇ4 లో బంటుని తింటుంది. 5. సి3 గుర్రం ఆ బంటుని తింటుంది – గుర్రం సి6. 6. ఎఫ్3 గుర్రం జి5 – బంటు డి5. 7. రాణి హెచ్5, చెక్ – బంటు జి6. 8. రాణి ఎఫ్3 – గుర్రం హెచ్6. 9. ఇ4 గుర్రం ఎఫ్6, చెక్ – రాజు ఇ7. 10. అదే గుర్రం డి5 బంటుని తింటుంది, చెక్ – రాజు డి6. 11. జి5 గుర్రం ఇ4, చెక్ – రాజు డి5 లో గుర్రాన్ని తింటాడు. 12. శకటు సి4, చెక్ – రాజు శకటుని తింటాడు. 13. రాణి బి3, చెక్ – రాజు డి4. 14. రాణి డి3, ఆట కట్టు.